పట్టీ నా చేతికి, మార్కులు నాయినకు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, పోయిన ఏడాది మన గద్వాల సంఘంలో నేను నిలబడి మా నాయిన చేయి బాగైందని సాక్ష్యం చెప్పాను, మీరు చప్పట్లు కొట్టారు. అది అబద్ధం. మీ చప్పట్లు తిరిగి ఇవ్వలేను కనుక నా మాటైనా వెనక్కి తీసుకోవాలని ఇది రాస్తున్నాను.

నాయిన ముప్పై ఏళ్లుగా చీరలు నేసిన మనిషి. ఒక పొద్దున మగ్గం మీదే కుడి చేయి పడిపోయింది, మూతి పక్కకు పోయింది. పక్షవాతం. చుట్టాలు వచ్చి ఇది ఏ పాపానికి శిక్షో తేల్చి, టీ తాగి వెళ్లారు. పాపం సంగతి అంత వివరంగా తెలిసినవాళ్లలో ఒక్కరికీ దవాఖానకు ఆటో పిలవాలని మాత్రం తోచలేదు.

హైదరాబాద్ దవాఖానలో ఫిజియోథెరపీ మేడమ్ మణికట్టుకు కట్టే పట్టీ, దానికి తోడు ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. ఈ జబ్బు మీద పరిశోధనలన్నీ ఇప్పుడు ఇలాంటి పట్టీల చుట్టూ, కళ్లకు తగిలించుకుని ఆడే కళ్లజోడు ఆటల చుట్టూ, వీడియోలో చేయించే వ్యాయామాల చుట్టూ తిరుగుతున్నాయట, దూరపు ఊళ్లవాళ్లకు మేలట. మూడు రోజులు వాడకపోతే పట్టీ ఇంకొకరికి ఇస్తామని కూడా అన్నారు.

తెర మీద ఆపిల్ పండ్లు పడతాయి, చేయి కదిపి బుట్టలో వేయాలి. నాయిన రెండు రోజులు చూసి ఫోన్ బోర్లించాడు.

“ఏంది బిడ్డా గిది? పట్టుపోగులు పట్టిన చెయ్యికి గీ బొమ్మపండ్లు ఏరుడు పనా?”

“జర చెయ్యి నాయినా, పట్టీ తీస్కపోతరు.”

“తీస్కపోనీ.”

పట్టీ పోతుందన్న భయంతో మర్నాటి నుంచి నేనే కట్టుకుని ఆడాను. నా చేతికి ఏ జబ్బూ లేదు కనుక మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి, యాప్ నాయినను పొగిడింది, కోలుకుంటున్నాడని మేడమ్ వీడియో కాల్స్ తగ్గించారు, నేనేమో ఆ మార్కులు సంఘంలో చదివి దేవునికే మహిమ అన్నాను.

సంఘపెద్ద ఆనందం పట్టలేక, ముందు వరుసలో కూర్చున్న నాయినతో, “అన్నా, జర ఆ చెయ్యి లేపి స్తుతించు,” అన్నాడు. నాయిన ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని పైకెత్తాడు. నా వైపు చూడలేదు. వెనక వరుసలో ఎవరో, “విశ్వాసం చాల్లేదు పాపం,” అన్నారు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన విశ్వాసానికి ఏమీ కాలేదు సహోదరులారా, పట్టీ నా చేతికి ఉంది, అంతే.

ఇంటికి వచ్చి ప్రార్థించాను: “ప్రభువా, చెయ్యి ఇయ్యమని అడిగే మొకం నాకు లేదు. మేడమ్‌కు నిజం చెప్పే ధైర్యం ఇయ్యి. ఆమె తిట్టేటప్పుడు జర పక్కనుండు.”

మర్నాడు వీడియో కాల్‌లో ఉన్నదంతా చెప్పాను. ఆమె తిట్టారు, లోటు లేకుండా తిట్టారు. తర్వాత నాయినను అడిగారు, “పెద్దాయనా, ఈ చెయ్యి ముందు ఏం పని చేసేది?”

ఇన్ని పరిశోధనలు చేసి యంత్రానికి ఆపిల్ పండ్లు నేర్పినవాళ్లు ఈ ఒక్క ముక్క మొదటే అడిగితే ఏం పోయేది? సరే, వాళ్లు దూరాన ఉన్నారు. అదే ఇంట్లో ఉన్న నేనూ అడగలేదు.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత కొసకు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతకాలి. నాయిన అది చెప్పగానే మేడమ్, “పట్టీ కట్టుకుని అదే చేయండి,” అన్నారు. అమ్మ గిన్నెలో బూడిద పెట్టి పక్కన కూర్చుని ప్రార్థించేది. వారాల తరబడి ఒక్క పోగూ నిలవలేదు, యాప్‌లో మార్కులు పాతాళానికి పోయాయి, నిజమైన లెక్క ఇదేనని మేడమ్ రాసుకున్నారు.

నాలుగో నెలలో బొటనవేలు, చూపుడువేలు కలిసి ఒక పోగును మెలిపెట్టాయి. నాయిన లాగి చూశాడు. ఊడలేదు.

“ఇగ పోయి చెప్పు సంఘంల,” అన్నాడు. “ఒక్క పోగని చెప్పు. రెండని చెప్పకు.”

ఒక్క పోగు, సహోదరులారా. దేవునికే మహిమ. చేయి ఇంకా భుజం దాటదు, కనుక దయచేసి ఎవరూ లేపమనకండి. మీ ఇంట్లో ఈ జబ్బుతో ఎవరైనా ఉంటే ప్రభువును నమ్మండి, ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పండి, దవాఖాన మేడమ్‌కూ చెప్పండి. పట్టీ మాత్రం జబ్బు చేతికే కట్టండి.