రెండు పెరళ్ల మీద ఒకే పందిరి

నా చిన్నప్పుడు మా అమ్మ తోటను ముందు ముగ్గుతో వేసి, తరువాతే మొక్కలతో వేసేది. యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మా ఇంటి వెనక నాలుగు చీరలు పరిచినంత పెరడు ఉండేది. ఎర్ర మొరం నేల. పార దింపితే ఖంగుమని రాయి తగిలేది. అమ్మ నడుముకు కొంగు చుట్టి, ఎండ ఎటు నుంచి ఎటు జరుగుతుందో రోజంతా గమనించి, ఇక్కడ బెండ, అక్కడ వంగ, గోడ వారన గోంగూర అని తెల్లటి గీతలు గీసేది. స్నానాల నీళ్లు పారే చోట చేమదుంపలు, అంట్లు తోమిన నీళ్లు పోయే చోట అరటి పిలక. ఆ గీతల మీద నేను కాలు పెట్టానంటే వీపు విమానం మోతే.

మాది అనంతపురం వైపు. నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం రావడంతో హైదరాబాదు వచ్చాం. పక్క క్వార్టర్‌లో ఉండే పెద్దమ్మ వాళ్లది నల్లగొండ దగ్గర పల్లె, పుట్టినప్పటి నుంచి సేద్యం చూసిన కుటుంబం. రెండు పెరళ్లకూ మధ్య మోకాలెత్తు ఇనుప తీగ కంచె తప్ప ఏమీ ఉండేది కాదు. మేం వచ్చిన మొదటి ఏడు అమ్మ ఇంట్లో ఉన్న బియ్యప్పిండితోనే గీతలు గీసి, వాటి వెంట తోటకూర విత్తనాలు చల్లింది. తెల్లారి చూస్తే చీమలు పిండితో పాటు విత్తనాలనూ మోసుకుపోయాయి. కంచె అవతలి నుంచి ఇదంతా చూసిన పెద్దమ్మ, “చీమలకు సడక్ ఏసిచ్చినవ్ గద చెల్లె!” అని కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ మూతి మూడు వంకర్లు తిప్పింది. సాయంత్రానికి పెద్దమ్మే ముగ్గురాయి పొడి, బూడిద కలిపిన తోటకూర విత్తనాలు చాటలో పెట్టుకుని కంచె దాటి వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు పెద్దమ్మ అయింది.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి రాజుకున్న ఏడాది బడులు మూతపడ్డాయి. పిల్లలం మాకు అది పండగే. పెద్దవాళ్లకు మాత్రం రోజొక గండం. తార్నాకలో అంగళ్లు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో తెలిసేది కాదు. లాలాపేట్ నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే కూరగాయలమ్మి రావడం మానేసింది. రెండిళ్ల పొయ్యిలూ ఆ పెరళ్ల మీదే నడిచాయి. మేం తిన్న గోంగూర సంగతి చెబితే ఇప్పటి పిల్లలు పారిపోతారు.

పెద్దమ్మ కొడుకు కాలేజీలో చదివే అన్న. ఊరేగింపులన్నింటికీ పోయేవాడు. రోడ్డు మీద నినాదాలు వినబడితే నాన్న కిటికీ మూసేవాడు. మా వైపు నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని సామాన్లు కట్టుకుని రైలెక్కాయి. మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా భయానికి కారణం చూపించమంటే ఎట్లా? ఊళ్లో ఉన్న మా మామ, అమ్మకు అన్న, అక్కడే ఏదో గుమాస్తా పని చూస్తానన్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర నాన్న, “ఇంగ పెరట్లో కొత్తగా ఏమీ నాటొద్దు. పోయేటోళ్లకు పాదులెందుకు?” అన్నాడు.  కంచంలో అమ్మ చెయ్యి ఆగిపోయింది.

ఆ మాట నాకు తగిలినంతగా ఇంకెవరికీ తగల్లేదనుకుంటాను. ఆ ఏడు సొరపాదు నాది అని అమ్మ మాట ఇచ్చి ఉంది. విత్తనాలు గుడ్డలో మూటగట్టి పెట్టుకున్నాను. పందిరి ఎక్కడ వేయాలో అమ్మ నలుచదరంగా ముగ్గు కూడా గీసింది. అది రోజూ చూసుకుంటూ, మా ఊరికి పోవద్దని ఏ దేవుణ్ణి అడగాలో తెలియక అందరినీ అడిగేదాన్ని. నాకు బుద్ధి తెలిసిన ఊరు ఇదే. మా ఊరంటే ఎండాకాలం సెలవుల్లో పోయేది, అంతే.

తొలకరి వాన పడింది. ఏ ఏడైనా తొలకరికి అమ్మ ముఖం వెలిగేది. ఆ ఏడు వెనక తలుపు వేసి లోపలికి వెళ్లింది. వాన వెలిశాక చూస్తే పందిరి ముగ్గు మొత్తం కొట్టుకుపోయి ఉంది. నేను కంచె దగ్గర కూర్చుని గుక్కపట్టి ఏడ్చాను. పెద్దమ్మ వచ్చి ఎందుకని అడిగింది. వెక్కుతూనే అంతా చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు. నా చేతిలోని మూట విప్పి, విత్తనాలు ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కి చూసి, “మంచిగున్నయ్” అని లోపలికి పోయింది.

మరునాడు ఆదివారం. పొద్దున్నే వెదుళ్లు, గడ్డపార మోసుకుని తల్లీ కొడుకులు ప్రత్యక్షం. తన పెరటి నిండా వేపచెట్టు నీడేననీ, తీగకు ఎండ కావాలనీ, పాదు మాత్రం తన స్నానాల నీళ్ల దగ్గరే పెడతాననీ పెద్దమ్మ లెక్క చెప్పింది. అందుకని రెండు గుంజలు అటు, రెండు గుంజలు ఇటు, కంచె మీదుగా పందిరి. అమ్మ గొంతు తగ్గించి, “మేము పోతామేమో అక్కా” అంది.

“పోతే పోండ్రి. నేనేమన్న వద్దంటున్ననా? కాయ తెంపినంక పోండ్రి” అంది పెద్దమ్మ.

అన్న మా పెరట్లో గుంత తవ్వడం మొదలుపెట్టాడు. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు బొంగురుపోయి ఉంది. నాన్న గడపలోనే నిలబడ్డాడు, బయటికి రావాలో వద్దో తేలనట్టు. ఏ కుర్రవాడి కేకలు విని కిటికీ మూసేవాడో ఆ కుర్రవాడు ఇప్పుడు తన పెరట్లో చెమటలు కక్కుతున్నాడు. గుంజ గుంతలో దించాక అన్న తలెత్తి, “జర గట్టిగ వట్టుకో చిన్నాయనా, రాళ్లు గొడత” అన్నాడు. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి రెండు చేతులతో గుంజ పట్టుకున్నాడు. గట్టిగా పాతేసిన తరువాత కూడా కాసేపు వదల్లేదు.

పాదు నేనే పెట్టాను. మొలకెత్తిన కొన్నాళ్లకే పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. “గీ మోకాళ్లు గుంజుతున్నయ్ చెల్లె, జర నీళ్లు పొయ్యవా” అని అమ్మను పిలిచేది. తీగ పందిరికి అందుకోవాలంటే పురికొస కట్టాలి, దానికీ అమ్మే. ఆకుల కింద పురుగులు ఏరాలి, దానికి నాన్న, ఆవిడకు కళ్లు సరిగా కనబడవట కనుక. అదే మోకాళ్లతో లాలాపేట్ దాకా నడిచి బర్రెల పేడ తట్టకెత్తుకుని వచ్చేది మరి! మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదంటే మా తెలివిని మెచ్చుకోవాలి. నెల తిరిగేసరికి అమ్మ తన సొంత మళ్లకు కూడా మళ్లీ ముగ్గు గీసింది. నాన్న పొద్దున్నే పేపరు కంటే ముందు పందిరి కిందకు పోయి పిందెలు చూసుకునేవాడు.

తొలి కాయ దిగింది. మా రెండిళ్లలోనూ తొలి కాపు పొరుగింటికి ఇవ్వడం ఆచారం. వేరు వాళ్ల వైపు, కాయ మా వైపు. ఎవరికి ఎవరు పొరుగో తేలక ఆ సొరకాయ కంచె మీద అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి రెండు ముక్కలైంది. అమ్మ పప్పులో వేసింది. పెద్దమ్మ నువ్వుల పొడి వేసి కూర చేసి, సొరకాయను తమ వైపు పిలిచే పేరుతో, అనిగెపుకాయ కూరంటే ఇదీ అని గిన్నె పంపింది. అంత కమ్మటి తిండి మళ్లీ తిన్నానని చెప్పలేను.

మమ్మల్ని తీసుకుపోదామని మామ స్వయంగా వచ్చాడు. నాన్న ఆయన్ను పందిరి కిందకు తీసుకుపోయి, “ఈ కాపు అయిపోనీ బావా, చూద్దాం” అన్నాడు. సొర కాపు అయ్యేలోపు చిక్కుడు ఎక్కింది. చిక్కుడు తరువాత కాకర. నాన్న రిటైరయ్యేదాకా మేం ఆ క్వార్టర్‌లోనే ఉన్నాం.

పెద్దయ్యాక ఒకసారి పెద్దమ్మను ఆ మోకాళ్ల సంగతి అడిగాను. నవ్వి, “ఉండుమంటె ఎవలుంటరు బిడ్డా? జరంత పని అప్పజెప్పాలె” అంది.

ఇప్పుడు తార్నాకలోనే ఉంటున్నాను. తోట డాబా మీది డ్రమ్ముల్లోకి మారింది. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు పక్క డాబా వాటాలో కడప నుంచి వచ్చిన కొత్త దంపతులు అద్దెకు ఉండేవాళ్లు. ఒకరోజు ఆ అమ్మాయి గడప దగ్గర అట్టపెట్టెలు కట్టి ఉండటం చూశాను. ఎక్కడికి, ఎప్పుడు అని అడగలేదు. మా పిట్టగోడ నుంచి వాళ్ల పిట్టగోడకు నాలుగు తాళ్లు లాగి కట్టి, నా సొరతీగ కొసను అటు మళ్లించాను. సాయంత్రం పూట ఇన్ని నీళ్లు పొయ్యమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు, పైకెక్కలేకపోతున్నాను అని చెప్పాను. అప్పటికి నా మోకాళ్లు భేషుగ్గా ఉండేవి.