కాళ్ళు కోసిన కుర్చీ

పంతొమ్మిదేళ్ళపాటు ఆ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది జోజమ్మది కాదు.

చొక్కాలు కుట్టే కార్ఖానా వెనక, సామాన్ల గదికి ఆనుకుని ఉన్న రెండు గదుల డేకేర్ అది. అమ్మలు మిషన్ల ముందు ఉన్నంతసేపూ పిల్లలు ఇక్కడ ఉంటారు. కుర్చీ సూపర్‌వైజరుది. ఆవిడ లేనప్పుడు దానిమీద హాజరు రిజిస్టరు కూర్చునేది. జోజమ్మ చాపమీద కూర్చునేది, లేకపోతే నిలబడేది. నెలకోసారి ఆఫీసు నుంచి పెద్దవాళ్ళు వచ్చి, మడత కుర్చీలు వేయించుకుని, పిల్లల బాగోగుల గురించి మాట్లాడుకునేవారు. ఏ పిల్లాడికి ఏ చెవి పోటో, ఏ పిల్ల ఎవరి పక్కన పడుకుంటే తప్ప కన్ను మూయదో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ గంటసేపూ గోడకు ఆనుకుని నిలబడి ఉండేది. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు సహాయకురాలు. ఎవరికి సహాయమో రాయలేదు.

మోకాళ్ళు సలపడం మొదలయ్యాక కూడా కుర్చీ అడగలేదా అంటే, "అడిగితే ఏమంటారో తెలుసుగా, మళ్ళీ అడిగి వినడం ఎందుకు" అంటుంది. దీన్ని ఓర్పు అని మెచ్చుకోకండి. ఓర్పు అని మెచ్చుకున్నామంటే కుర్చీ వేసే బాధ్యత మన నెత్తిన లేకుండా పోతుంది.

జోజమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఎంత పేచీకోరు పిల్లలైనా ఆమె రెండుసార్లు జో కొడితే నిద్రపోతారు కాబట్టి పిల్లలే ఆ పేరు పెట్టారు. పంకా బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు ఒకడు ఆమె జో కొడుతుంటే చూస్తూ నిలబడి, ఆవలించి, చేతిలో రెంచి కాలిమీద జారవిడుచుకున్నాడని కార్ఖానాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ డేకేర్ గుమ్మంలోకి ఒక పొద్దున్న గువ్వ వచ్చింది, తల్లి భుజంమీద.

గువ్వకు నాలుగేళ్ళు. పుట్టినప్పుడు తగిలిన దెబ్బవల్ల ఒళ్ళు ఆమె మాట వినదు. మెడ కాసేపు నిలుస్తుంది, నడుము నిలవదు. మాటలు లేవు. నవ్విందంటే మాత్రం పక్కగదిలో వాళ్ళు కూడా తలెత్తి చూడాల్సిందే. తల్లి కార్ఖానాలో కాలర్లు కుడుతుంది. అన్నాళ్ళూ పిల్లను చూసుకున్న నాయనమ్మ బాత్‌రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటికే తల్లి మూడు డేకేర్‌లు తిరిగి వచ్చింది. మూడు చోట్లా ఒకటే మాట: వసతుల్లేవు.

"చూడమ్మా, నీ బాధ నాకు తెలీదని కాదు," అంది సూపర్‌వైజరు ఇక్కడ కూడా. "ఇలాంటి పిల్లలకి వసతులు కావాలి. మా దగ్గర లేవు."

తల్లి పిల్లను ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది. ఇంకో పది నిమిషాల్లో కార్ఖానా గంట కొడతారు. ఈ గుమ్మంలో కూడా కుదరకపోతే ఇక మిషను వదిలేసి ఇంట్లో కూర్చోవడమే.

వెనక బకెట్లో గుడ్డ పిండుతున్న జోజమ్మ అక్కడినుంచే అడిగింది. "అమ్మగారూ, వసతులంటే ఏంటండీ?"

"వసతులంటే... వసతులే."

"అదేనండి. ఏమేం కావాలో ఒక కాగితంమీద రాసిస్తే వెతుక్కొస్తాను."

వెటకారం కాదు. జోజమ్మకు వెటకారం రాదు. ఏ వస్తువు తెమ్మన్నా కాగితంమీద రాయించుకుని తేవడం ఆమెకు అలవాటు. ఫినాయిలు, సబ్బులు, వసతులు. సూపర్‌వైజరు చెడ్డ మనిషేమీ కాదు, కాకపోతే ఆ మాట అందరూ అంటుంటే విని అంటూ వచ్చింది, ఇంతవరకూ ఎవరూ విప్పి చెప్పమనలేదు. పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు ఆలోచించి రాసింది. కూర్చోబెట్టడానికి తగిన కుర్చీ. తినిపించడం తెలిసిన మనిషి. ఏదన్నా అయితే అడగడానికి ఒక డాక్టరు.

"ఇంతేనా అండీ?"

సూపర్‌వైజరు కాగితం తిప్పి చూసుకుంది, వెనకవైపు ఇంకేమైనా ఉంటుందేమో అన్నట్టు. "ముందు ఇవి చూడు. నెల రోజులు టైము. నెలాఖరుకి ఆ పిల్ల మిగతావాళ్ళతో కలిసిందా, సరే. కలవలేదా, పంపించేస్తాను. అప్పుడు నన్ను అనకూడదు."

గంట కొట్టారు. తల్లి పిల్లను జోజమ్మ ఒళ్ళో పెట్టి పరిగెత్తింది.

సెలవురోజున జోజమ్మ తల్లినడిగి గువ్వను ఎత్తుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. నలుగురిని అడిగితే నాలుగు దారులు చూపించారు. ఎక్స్‌రే గది దాటాక, మెట్లకింద, ఫిజియోథెరపీ అని బోర్డున్న చిన్న గది దొరికింది. అందులో ఉన్న అమ్మాయికి జోజమ్మ పెట్టుకున్న పేరు వ్యాయామం డాక్టరమ్మ.

"పాపకి మీరేమవుతారు?" అని అడిగిందామె.

"డేకేర్‌లో ఆయానండీ."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది. "అమ్మలొస్తారు, అమ్మమ్మలొస్తారు. డేకేర్ నుంచి రావడం మీరే మొదలు. కూర్చోండి."

ఎలా తినిపించాలో శ్రద్ధగా చేసి చూపించింది. పిల్ల తల వెనక్కి వాల్చి నోట్లో పోయకూడదు. వీపు నిటారుగా, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. చెంచా చిన్నదై ఉండాలి. మింగిందాకా ఆగాలి, తొందరపెట్టకూడదు.

"ఆగడం నాకు బాగా వచ్చండీ," అంది జోజమ్మ.

అప్పటికప్పుడు రెండు వసతులు దొరికేశాయి. తినిపించడం తెలిసిన మనిషి తనే అయింది, అడగడానికి డాక్టరమ్మ తన ఫోన్ నంబరు రాసిచ్చింది. మిగిలింది కుర్చీ. ఆసుపత్రి తరఫున అర్జీ పెడతాను గానీ రావడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ ఒక కాగితంమీద బొమ్మ గీసింది. వీపుకింత, తొడకింత, పక్కలకు దన్ను, నడుముకు పట్టీ, ముందు గిన్నె పెట్టడానికి చిన్న పలక, పాదాలు ఆనడానికి చెక్క.

జోజమ్మ మరిది వడ్రంగి. భోజనాల బల్లలు, వాటి చుట్టూ కుర్చీలు అతని ప్రత్యేకత.

"ఇన్నాళ్ళకి కుర్చీ కావాలన్నావు వదినా. నీకేమో అనుకుని టేకు ఏరుతున్నాను."

"నాకెందుకయ్యా. ఈ పిల్లకి."

"ఈ పిల్లకా? ఈవిడ మహారాణిలా ఉందే." టేపు పెట్టి కొలుస్తుంటే గువ్వకు గిలిగింతలై నవ్వింది. ఆ నవ్వుకు మరిది పని చెడిపోయింది, మూడుసార్లు కొలవాల్సి వచ్చింది. స్కూటరు సీట్లు కుట్టే అతను మిగిలిపోయిన స్పాంజీ, ఎర్ర రెగ్జినూ ఇచ్చాడు.

పదిరోజుల్లో కుర్చీ వచ్చింది. చూసినవాళ్ళందరూ ఔరా అన్నారు. గుండ్రంగా చెక్కిన చేతులు, పాలిషు, ఎర్ర మెత్త. గువ్వ అందులో నిటారుగా కూర్చుని పుట్టాక మొదటిసారి గదంతా చూసింది. సూపర్‌వైజరు ఫోటో తీసి ఆఫీసుకు పంపింది. తల్లి భోజనాల విరామంలో వచ్చి, గుమ్మంలోనే నిలబడి చూసి, లోపలికి రాకుండా కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గువ్వ విసరడం మొదలుపెట్టింది.

మొదట చెంచా. తర్వాత గిన్నె, గిలక్కాయ, చెక్క దిమ్మలు. పలకమీద ఏం పెట్టినా వంకర చేత్తో తోసి, ఊడ్చి కిందికి విసిరేది. "మొన్నటిదాకా బంగారంలా ఉండేది," అన్నారు మిగతా పిల్లల అమ్మలు. "కుర్చీ ఎక్కగానే పొగరెక్కింది," అని కూడా అన్నారు. ఒక దిమ్మ వెళ్ళి కింద ఆడుకుంటున్న కాలర్ల మేస్త్రీ మనవరాలి నుదుటికి తగిలి బొప్పి కట్టింది. సూపర్‌వైజరు రిజిస్టరులో రాసుకుంది: ఇతర పిల్లలకు ప్రమాదం. నెలాఖరుకు ఇంకా మూడు రోజులున్నాయి.

"నేను చేయగలిగింది చేశాను జోజమ్మా," అంది. "నువ్వు కూడా చేశావు. కొందరు కలవరంతే."

ఆ మధ్యాహ్నం జోజమ్మ ఎప్పటిలాగే చాపమీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. గువ్వ కప్పు విసిరింది. దొర్లుకుంటూ పోయిన కప్పును ఒక పిల్ల తీసుకుని కుర్చీ దగ్గరికి వచ్చి, మునివేళ్ళమీద లేచి పలకమీద పెట్టింది. అప్పుడు గువ్వ నవ్వింది, గదంతా వినిపించేలా. ఆ పిల్ల మళ్ళీ చాపమీదికి వెళ్ళిపోయింది. నవ్వు ఆగిపోయింది. గువ్వ ఆ పిల్ల వెళ్ళిన వైపే చూసి, కప్పు మళ్ళీ విసిరింది.

జోజమ్మ చేతిలో మడత అలాగే ఉండిపోయింది. కింద కూర్చుని కుర్చీవైపు చూస్తే ఎలా ఉంటుందో ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కుర్చీలో ఉన్నవాళ్ళ మోకాళ్ళు కనిపిస్తాయి, మొహం కనిపించదు. పిలిస్తే తప్ప ఎవరూ అక్కడికి పోరు. ఆ డేకేర్‌లో ఆటలు, తిండి, పోట్లాటలు, నిద్ర, అన్నీ నేలమీదే. డాక్టరమ్మ బొమ్మలో నేలనుంచి ఎంత ఎత్తో రాయలేదు. భోజనాల బల్లలు చేసే మనిషి భోజనాల బల్ల ఎత్తులో చేశాడు. తినిపించడానికి వదిన నడుము వంచక్కర్లేదని కూడా అనుకున్నాడు. అందరూ కలిసి పిల్లను జాగ్రత్తగా ఒక మేడ ఎక్కించారు. ఆ పిల్ల అక్కడినుంచి తనకు చేతనైన ఒకే ఒక్క పద్ధతిలో కిందివాళ్ళను పిలుస్తోంది.

జోజమ్మ వ్యాయామం డాక్టరమ్మకు ఫోన్ చేసి ఆ ఎత్తు సంగతి చెప్పింది. ఆమె "అయ్యో, అది నేను చెప్పాల్సింది," అంది. "పాదాలు నేలకి ఆనితే పాపకి ఇంకా మంచిది. జానెడు ఎత్తు చాలు."

మర్నాడు మరిది రంపంతో వచ్చాడు గానీ మనసు రాలేదు.

"వదినా, ఇది బతికున్న కుర్చీ. దీని కాళ్ళు కొయ్యమంటావా?"

"కొయ్యి."

"ఆ పాలిషు చూశావా? అద్దంలా ఉంది."

"పాలిషు పైన ఉండనీ. కాళ్ళు కొయ్యి."

"పైన చూస్తే సింహాసనం, కింద చూస్తే పీట. నలుగురూ చూస్తే ఏమంటారు? నా చేతి పని అని చెప్పకు."

"చెప్తాను. చెప్పి నలుగురి దగ్గర నీకు పని ఇప్పిస్తాను."

గొణుక్కుంటూనే పెరట్లో కోశాడు. పిల్లలంతా చుట్టూ చేరి పొట్టు ఏరుకున్నారు. పాదాల చెక్క ఊడదీసి, పలకను కిందికి దించి, కోసిన చోట గీరుకోకుండా ఉప్పుకాగితం పెట్టి రుద్దాడు. కుర్చీని చాప మధ్యలో పెట్టి గువ్వను కూర్చోబెట్టారు. పాదాలు చాపమీద ఆనాయి. నుదుటికి బొప్పి కట్టిన పిల్ల వచ్చి, పలక ముందు మోకాళ్ళమీద కూర్చుని, గువ్వ మొహంలోకి చూసింది. రెండు మొహాలూ ఒక ఎత్తులో ఉన్నాయి. కాసేపు చూసి, ఆ పిల్ల పలకమీది గువ్వ కప్పు లాక్కుంది.

గువ్వ కేక పెట్టింది. నవ్వు కాదది, ఒళ్ళుమండిన కేక. వంకర చేయి చాచి ఆ పిల్ల జుట్టు పట్టుకుంది. ఆ పిల్ల కూడా ఏడుపు లంకించుకుంది.

జోజమ్మ పక్కగదిలో ఉన్న సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది, పంతొమ్మిదేళ్ళలో పరిగెత్తడం అదే మొదటిసారి. "అమ్మగారూ, రండి, రండి. గువ్వ కొట్టుకుంటోందండీ."

"మళ్ళీనా?"

"విసరడం కాదండీ. కొట్టుకుంటోంది. అందరిలాగా."

సూపర్‌వైజరు వచ్చి చూసింది. నిలబడితే సరిగా కనిపించక చాపమీద కూర్చుంది. అప్పటికి పోట్లాట అయిపోయి, ఇద్దరూ ఒకే కప్పును చెరోవైపు పట్టుకుని ఉన్నారు. మూడో పిల్లాడు వచ్చి పలకమీద తన బొమ్మ బండి పెట్టాడు, అనుమతి అడగకుండా. ఆవిడ నెలాఖరున రిజిస్టరులో పాత వాక్యం కొట్టేసి రాసింది: కలిసింది. పోట్లాడుతోంది కూడా. తల్లి కాలర్లు కుడుతూనే ఉంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. గువ్వకు ఇప్పుడు ఇంకాస్త పెద్ద కుర్చీ. కాళ్ళు కోసిన కుర్చీలో, తర్వాత చేరిన చెవులు వినపడని పిల్లాడు బొమ్మలు దాచుకుంటాడు. డేకేర్ బీరువా తలుపు లోపలివైపు జోజమ్మ ఒక కాగితం అతికించింది. వ్యాయామం డాక్టరమ్మ, వడ్రంగి మరిది, స్కూటరు సీట్ల అతను, చేతులతో మాట్లాడడం నేర్పే రిటైర్డు టీచరు, వాళ్ళ నంబర్లు. ఆ బీరువా తలుపు చూడ్డానికి ఇప్పుడు వేరే డేకేర్‌ల ఆయాలు వస్తారు. మరిది వాళ్ళందరితో జానెడు ఎత్తు ఆలోచన తనదేనని చెబుతుంటాడు. జోజమ్మ కాదనదు.

జోజమ్మకు కుర్చీ ఆఫీసువాళ్ళు ఇవ్వలేదు, మరిది చేసిచ్చాడు. దానిమీద మడతపెట్టిన బట్టలుంటాయి. ఎవరన్నా పెద్దవాళ్ళు వస్తే ఆమె ఇప్పటికీ లేచి నిలబడుతుంది. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది, మండిపోతుంది కూడా.

మీ వీధిలో కూడా ఒక డేకేర్ ఉండే ఉంటుంది. రేపు వెళ్ళి అడగండి, ఇలాంటి పిల్లల్ని చేర్చుకుంటారా అని. వసతుల్లేవంటే కోప్పడకండి, ఏమేం లేవో కాగితంమీద రాసిమ్మనండి. రాసిచ్చింది పట్టుకుని వెతకండి. మీరు వడ్రంగి అయితే, దర్జీ అయితే, నర్సు అయితే, ఖాళీగా ఉన్న టీచరు అయితే, మీ నంబరు అక్కడి బీరువా తలుపుమీద రాసి రండి. వచ్చేముందు ఒకసారి గదంతా చూడండి. ఆ పిల్లల్ని చూసుకునే మనిషి కూర్చోవడానికి కుర్చీ ఉందా లేదా చూడండి. లేకపోతే, అది కూడా ఆ కాగితంమీద రాయించండి.