చెంప మీది మసిచుక్క

మొన్న నంద్యాలలో మా తమ్ముని కూతురు తన టాబ్లెట్ నా ముందు పెడితే, తెర మీద మా అమ్మ నవ్వుతూ కనిపించింది. మనుషుల ముఖాలు ఫొటోలు తీసి, వాటికి కంప్యూటర్లో రంగూ వెలుతురూ దిద్ది, ఒక్కో ముఖంలో ఒక కథ పలికించడం ఆ పిల్ల వృత్తి. ఇంట్లో మిగిలిన ఒకే ఒక పాత ఫొటో తీసుకుని, పగుళ్లు పూడ్చి, పెదవులు కాస్త పైకి లేపి, తన జేజికి, అదే మా అమ్మకు, చిలకపచ్చ చీర కట్టింది. చెంప మీది మరక కూడా తీసేశానని సంబరంగా చెప్పింది. అది మరక కాదు.

ఫొటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుతుందని నమ్మిన ఇళ్లు మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు నంద్యాలలో కొత్తగా పంతులుద్యోగంలో చేరి, సాయంత్రమైతే గ్రంథాలయం మెట్ల మీద దయ్యాలూ జాతకాలూ అబద్ధమని గొంతు పోయేలా వాదించేవాణ్ణి. ఆ ఏడే ఆళ్లగడ్డలో ఉన్న మా అమ్మకు కడుపులో కంతి ఉందని తేలి, కర్నూలులో ఆపరేషన్ చేయాలన్నారు. మా నాయన నంద్యాల నుంచి ఫొటోగ్రాఫర్ను వెంటబెట్టుకు రమ్మని నాకు కబురు పంపాడు. ఎందుకో చెప్పలేదు గానీ, అమ్మకు అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా లేదని మాకందరికీ తెలుసు.

అడ్డుపడింది మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండిపోయిన మనిషి, అమ్మను చెల్లెలికన్నా ఎక్కువగా చూసుకునేది. జబ్బు మనిషిని ఆ పెట్టె ముందర కూర్చోబెడితే ఇంక తిరిగి రాదని వాకిట్లో అడ్డంగా నిలబడింది. నేను కటకాల గురించీ వెలుతురు గురించీ ఉపన్యాసం మొదలుపెట్టాను. అమ్మే మమ్మల్ని ఆపింది.

"తియ్యనీలే వదినా. నేను పోతే మొగమన్నా ఉంటాది పిల్లోళ్లకు."

ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కింద తల దూర్చేలోగా అత్త వంటింట్లోకి పరుగెత్తి, పెనం అడుగున వేలు రుద్దుకొచ్చి అమ్మ చెంప మీద దిష్టిచుక్క పెట్టింది. తుడిచెయ్యమని నేను కేకలేస్తుంటే, "ఉండనీరా, చుక్కే కదా" అంది అమ్మ. ఊపిరి బిగబట్టి, భయంతో కళ్లు పెద్దవి చేసి, ఆ మసితోనే కూర్చుంది.

ఆపరేషన్ గది బయట కూర్చున్న ఆ పూట నా వాదనలేవీ నాకు తోడు రాలేదు. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. అత్త ఎదురుగా, గోడకు ఆనుకుని, నా ముఖం వైపు చూడకుండా కూర్చుంది. అమ్మ పోతే ఈమెకు ఏం చెప్పాలన్న ఆలోచన ఒకటే నన్ను తొలిచేసింది.

అమ్మ బతికింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికింది. ఫొటో ఆయుస్సు తియ్యలేదు గదా అత్తా అని నేను పోట్లాటకు దిగితే, "చుక్క పెడితిని గాబట్టి ఆ కీడు ఆగెరా, పంతులూ" అనేది. నంద్యాలలో ఎందరి నోళ్లో మూయించాను గానీ ఆమె మీద ఒక్కసారీ గెలవలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఆ చుక్క మళ్లీ పెట్టమని పిల్లనడిగాను. అది నవ్వింది.

"దిష్టి లేదని ఊరంతా చెప్తాంటివి గదా పెదనాయనా, నీకేమాయె?"

మళ్లీ టాబ్లెట్ వైపు చూశాను. చక్కని బొమ్మ, తప్పు పట్టడానికేమీ లేదు. అప్పటికే మావాళ్లందరి ఫోన్లలోకీ వెళ్లిపోయింది. ఆ నవ్వే మా అమ్మ అని రేపటి పిల్లలు అనుకుంటారు. ఆనాటి భయంతో వాదించడం నాకు తెలుసు, ఈ ముచ్చటతో ఎట్లా వాదించాలో తెలియదు. దిష్టి లేదు, ఈ రోజుకూ లేదనే అంటాను. కానీ ఆ చెంప మీద మా అత్త వేలు ఉండేది.