మారు అడగని అత్తగారు

మా అత్తగారు మారు అడగరు. మల్కాజ్‌గిరిలో మా ఇంటికొచ్చి మూడేళ్ళయినా, నా చేతి కూర రెండోసారి వెయ్యమన్న పాపాన పోలేదు. మొదట వడ్డించింది కాస్త కెలికి, "చాలమ్మా, కడుపు నిండిపోయింది" అని మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కునేవారు. నేనేమో వేపుళ్ళలో చెయ్యి తిరిగినదాన్ని. నా బెండకాయ వేపుడు నమిలితే పక్కింటికి వినపడుతుందని మావారు వేళాకోళం చేసేవారు. అలాంటి చేతికి మూడేళ్ళుగా ఒక్క మారు కూడా దక్కకపోతే ఎవరికైనా రోషం వస్తుంది. నాకు మరీ ఎక్కువ వచ్చింది.

నేను పనిచేసే బడిలో సైన్సు టీచరు ఒకరోజు మెక్సికో వాళ్ళ వంటొకటి చెప్పింది. ఒకే మూకుడులో భోజనమంతా అయిపోతుందట. ఖీమా, రాజ్మా, టమాటాలు, క్యాప్సికం వేసి, కారం, జీలకర్ర పొడి తగిలించి ఉడికించాలి. పైన చీజు తురిమి, మొక్కజొన్న చిప్స్ గుచ్చి, మూకుడు నేరుగా బల్ల మీద పెట్టేయడమే. "చిప్స్ వేసిన మరుక్షణం తినాలి, కరకర పోతే ఇంకేమీ ఉండదు" అని మరీ మరీ చెప్పింది. ఇది వేపుడూ కాదు, పులుసూ కాదు. వంక పెడదామన్నా అత్తగారికి పోలిక దొరకదు. ఆ శనివారం ఆమెతో మారు అడిగించి తీరాలనుకున్నాను.

మోండా మార్కెట్‌లో చిప్స్ అమ్మే ఆయన్ని బాగా కరకరలాడేవి ఇమ్మన్నాను.

"గివి తీస్కపోండి మేడమ్. జెర గట్టిగనే ఉంటయ్. రేపటిదాంక గిట్లనే ఉంటయ్, పరేషాన్ గాకుండ్రి," అన్నాడు.

రెండు ప్యాకెట్లు తెచ్చాను.

వంట అద్భుతంగా కుదిరింది. నా వంట నేనే పొగుడుకోకూడదు గానీ, పొగిడేవాళ్ళు ఇంకెవరూ లేరు కదా. మావారినీ, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయినీ, అత్తగారినీ ముందే కూర్చోబెట్టాను. మూకుడు తెచ్చి బల్ల మధ్య పెట్టి, పైన చిప్స్ గుచ్చాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. మా ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ఎత్తరు. శనివారం ప్రార్థన అత్తగారిది. ఆమెన్ అన్నాక చిప్స్ గుచ్చాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

మామూలుగా రెండు నిమిషాల్లో ముగించే మనిషి, ఆ రోజు బాపట్ల నుంచి మొదలుపెట్టారు. అక్కడి తమ్ముడి మోకాళ్ళు, తెనాలి మరదలి కొడుకు ఉద్యోగం, పాస్టరుగారి స్కూటరు, మా కాలనీకి రాని మంచినీళ్ళు, మా అమ్మాయి లెక్కలు, ఒక్కొక్కటీ ప్రభువుకు వివరంగా అప్పజెప్పారు. మూకుడులోంచి ఆవిరి వస్తోంది. నాకు ఏడుపొస్తోంది. లోకల్ రైళ్ళు వేళకు నడవాలని వేడుకోవడం మొదలుపెట్టేసరికి ఉండబట్టలేక ఒక కన్ను తెరిచాను.

అత్తగారి కన్ను కూడా ఒకటి తెరిచే ఉంది. ఆమె మూకుడుకేసి చూస్తున్నారు. నేను చూడటం చూసి టక్కున కన్ను మూసుకుని, పెదనాన్న మనవళ్ళను అందుకున్నారు. ఈ కొత్త తిండి నోట పెట్టాలంటే భయమేసి వాయిదా వేస్తున్నారనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

ఆమెన్ అయ్యేసరికి చిప్స్ తడిసి తలలు వాల్చేశాయి. మా అమ్మాయి ఒకటి పైకెత్తితే మధ్యకు వంగింది.

"మమ్మీ, ఇది ఉప్మాలా ఉంది," అంది.

మావారు తెలివిగా మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. నేను అందరికీ విసురుగా వడ్డించి, ఎవరి ముఖమూ చూడకుండా తినడం మొదలుపెట్టాను.

"అమ్మాయ్, కాస్త మారు వెయ్యి," అన్నారు అత్తగారు.

తలెత్తి చూస్తే ఆమె కంచం ఖాళీగా ఉంది. వేశాను. అదీ తినేశారు. మూడోసారి కంచం తనే ముందుకు జరిపారు.

"నిజంగా నచ్చిందా అత్తయ్యా? అంతా మెత్తబడిపోయిందిగా," అన్నాను.

"అందుకేనే తినగలుగుతున్నా. నీ వేపుళ్ళు బాగోక కాదే. నమిలితే ఈ కట్టుడు పళ్ళు చిగుళ్ళు కోసేస్తన్నాయి. అంత కమ్మటి వాసనొస్తంటే మజ్జిగ తాగి లేవటం నాకు మాత్రం సరదా ఏంటి?"

ఆ పళ్ళు పెట్టించుకున్న రోజు, ఇనుప గుగ్గిళ్ళయినా నమిలేస్తానని ఆమె వీధంతా చెప్పుకున్నారు. ఆ మాట వెనక్కి తీసుకోలేక మూడేళ్ళు అర్ధాకలితో లేచారు. నేను రోషం కొద్దీ ఏ రోజుకారోజు ఇంకాస్త ఎర్రగా వేయించి పెట్టాను. నాకు చాలా సిగ్గేసింది. నవ్వు కూడా వచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వారు, పళ్ళు జారకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"మరి ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా," అన్నాను.

"ఇప్పుడు చెబుతున్నాగా. ఈసారి ఆ చిప్సేవో ముందే వేసి మూత పెట్టు. అవి మెత్తబడేదాకా ప్రార్థన సాగదీయాలంటే నాకు అంతమంది చుట్టాలు లేరు."