మునెప్ప చేని మట్టికి ఎమ్మారై

మొన్న ఆదివారం నేను చేసిన ఘనకార్యం విన్నాక ఇంకెప్పుడూ నన్ను సైంటిస్టు అనొద్దు, ప్లీజ్! టీ తాగుతూనే వినండి.

చంద్రగిరి దగ్గర మునెప్ప అని ఒక రైతు. ఆయన చేని పక్కనే ఇనుప సామాన్లకు క్రోమియం పూత పూసే ఒక ప్లేటింగ్ షెడ్డు, దాని మురికినీళ్లు కాలవలో పోతుంటాయి. "అమ్మా, ఆ నీళ్లు నా చేన్లోకి దిగతాండాయా లేదా చెప్పు. టమోటా నారు తెచ్చి పెట్టుకోనుండాను. నాటేదా, వద్దా?" అని వారం నుంచి ఒకటే అడగడం. నా పీహెచ్‌డీ కూడా సరిగ్గా అదే. మట్టిలో నీళ్లు ఎక్కడ నిలిచాయో, వాటి వెంట ఏ లోహాలు వచ్చాయో, మట్టిని చెదరగొట్టకుండా ఎమ్మారైలో చూడటం. మనిషి మెదడులో నీటిని చూసే మిషన్ మట్టిలో నీటిని చూడదా ఏంటి?

చేన్లో పీవీసీ పైపు దించి, మట్టితో సహా అలాగే పైకి తీశాను. మనది ఎర్రనేల, ఇనుము ఎలాగూ కాస్త ఉంటుంది. పైగా ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం, ఏ ఇనుప ముక్కో పడిందంటే స్కాన్ గోవిందా! అందుకే పైపును వాళ్ల వరండాలో పెట్టి మునెప్ప భార్య మంగక్కను అడిగాను. "అక్కా, దీంట్లో ఇనుము ఏమన్నా ఉందా?"

"ల్యాదమ్మా" అంది, ఎందుకో మొహం చిన్నబుచ్చుకుని. నేను హాయిగా చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాను.

తిరుపతిలో ఒక స్కాన్ సెంటర్ వాళ్లను బతిమాలి బతిమాలి ఆదివారం పొద్దున గంట టైమ్ సంపాదించాను. అక్కడ టెక్నీషియన్ బాషా. పేషెంట్ వివరాలు లేకపోతే కంప్యూటర్ కదలదట.

"పేరేం రాయమంటారు మేడం?"

"మునెప్ప మట్టి."

"వయసు?"

కొన్ని లక్షల ఏళ్లంటే ఆ డబ్బాలో పట్టలేదు. ముప్పై అని కొట్టాడు.

పైపును మిషన్ దగ్గరికి తీసుకెళ్తుంటే నా చేతుల్లోంచి ముందుకు లాక్కున్నట్టు అనిపించింది. అబ్బ, దీనికెంత తొందరో అని మురిసిపోయాను! అప్పుడైనా బుర్ర వెలగాలి కదా? వెలగలేదు. బెల్టులు బిగించి బయటికొచ్చాను.

తెర మీద బొమ్మ వచ్చింది. మధ్యలో ఇంత నల్లమచ్చ! లోహం ఉన్నచోట నీటి సిగ్నల్ చచ్చిపోయి నల్లగా కనిపిస్తుంది. ఎగిరి గంతేశాను. మా గైడ్‌కు ఫోన్ కొట్టాను. "సార్, హెవీ మెటల్ దొరికింది!"

"శభాష్ అమ్మా! ఏ మెటలో, ఎంత ఉందో తేల్చి చెప్పు."

వెంటనే మునెప్పకు చేశాను. "అన్నా, నారు నాటొద్దు! నేల పాడైంది!"

"సరేమ్మా. నారు మా బామ్మర్దికి ఇచ్చేస్తాలే" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా గంతులన్నీ దిగిపోయాయి, బాధేసింది.

బాషా గడ్డం గోక్కున్నాడు. "మేడం, ఆడోళ్లు జడలో పిన్ను మర్సిపోయి వస్తే ఇట్లే వస్తాది."

"ఇది క్రోమియం బాషా గారూ" అని పావుగంట క్లాసు పీకాను. పాపం, మొత్తం విన్నాడు. విని, "ఒకసారి మట్టి బయటికి తీసి సూడండి" అన్నాడు.

తీసి చూశాను. మేకు. పసుపు పూసిన మేకు!

మంగక్కకు ఫోన్ చేసి అరిచాను. "అక్కా, పైపులో మేకెందుకు పెట్టావు?"

"నువ్వే గదమ్మా అడిగితివి, ఇనుము ఉండాదా అని! ఊరు దాటిపొయ్యేదానికి దిష్టి తగలకుండా ఇనుము పెట్టాలని సదువుకున్న పిల్లకు తెలిసె, నాకు గుర్తు రాకపాయెనే అని సిగ్గేసింది. నువ్వు సేతులు కడుక్కొని వచ్చేలోపల గుచ్చేస్తిని. ఏం, ఒకటి సాలలేదా?"

'ఇనుము ఉండకూడదక్కా' అని ఒక్క ముక్క చెప్పి ఉంటే నా నోరు అరిగిపోయేదా? అంతలో నారు గుర్తొచ్చింది.

"అక్కా, మునెప్పన్న ఎక్కడ?"

"మా తమ్ముని ఆటోలో నారు ఎక్కిస్తాండాడు."

"ఆపమను! నాటొద్దు, ఇవ్వనూ వద్దు! వచ్చే ఆదివారం దాకా ఆగమను!"

మంగక్క ఫోన్ పట్టుకునే పరుగెత్తింది. కేకలు, ఆటో చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం. చివరికి మునెప్ప లైన్లోకి వచ్చాడు. "దింపేసినాములేమ్మా. ఇంతకీ నా నేల మంచిదా, సెడ్డదా?"

"ఇంకా తెలీదన్నా" అన్నాను. అంత చిన్న గొంతుతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

బాషా కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఇంకో ఆదివారం అడుగుతుంటే గైడ్ ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఏ మెటలో తేలిందా?"

"తేలింది సార్. ఇనుము."

"ఇనుమా! ఎంత ఉంది?"

చేతిలో మేకు వైపు చూసుకున్నాను.

"రెండంగుళాలు సార్."