మెరుపు వెనక హోరు

మొన్న కరీంనగర్‌లో మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగింది. దాని హోరు అంతసేపూ చెవుల్లో ఉందని ఆగాకే తెలిసింది. అలాంటప్పుడు నాకు రాజారత్నం గారు గుర్తొస్తారు.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు సౌదీలో హుఫూఫ్ అనే ఊళ్లోని ఒక పరిశోధనశాలలో ఆయన కింద పనిచేశాను. నరసాపురం మనిషి. ఎక్కడో దూరాన నక్షత్రం కూలితే వెలువడే గామా కిరణాల మెరుపును అంతరిక్షంలోని టెలిస్కోపు పట్టుకుంటుంది. అది ఎంతసేపుంది, ఎంత బలమైంది అని మేం లెక్కకట్టేవాళ్లం. చేరిన కొత్తలోనే ఆయన గదిలో ఏసీ ఆపేశారు.

"ఇప్పుడేం వినబడతంది?"

"మీ కుర్చీ కిర్రుమంటున్నది సార్."

"అదీ! ఆకాశానికీ ఓ ఏసీ ఉంటదబ్బాయ్. ముందు దాని హోరు కొలువు, తీసెయ్. మిగిలిందే మెరుపు. మీ కరీంనగరోళ్లకి తొందరెక్కువ."

ఇద్దరు చూడకుండా ఏ కొలతా గది దాటకూడదన్నది ఆయన నియమం.

ఒక శుక్రవారం పెద్ద మెరుపు వచ్చింది. ఆయన ఫోను ఆపేసి ఉంది. ఎక్కడున్నారో నాకు తెలుసు. అక్కడ చర్చికి అనుమతి లేదు కాబట్టి మన నర్సులు కొందరు ఒక ఇంట్లో కిటికీలు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు, ఆయనా వెళ్లేవారు. అందరికంటే ముందు ప్రకటించాలన్న ఆత్రంతో ఆయనా చూసినట్టు ఇద్దరి పేర్లూ పెట్టి నేనే పంపేశాను. టెలిస్కోపు అప్పుడే విద్యుత్కణాలు దట్టంగా ఉండే చోటు దాటి వస్తోంది. అక్కడ పెరిగిన హోరు ఇంకా తగ్గుతూ ఉంది. నేను మెరుపు తర్వాతి హోరునే మొత్తానికీ కొలతగా తీసుకున్నాను. మిగిలిన హోరంతా మెరుపు లెక్కలో కలిసిపోయింది.

బయటివాళ్లు తప్పు పట్టుకున్నారు. డైరెక్టర్ మా ఇద్దర్నీ పిలిచి ఆయన్ను అడిగాడు: "మీరు చూడకుండా ఎలా వెళ్లింది? శుక్రవారం ఎక్కడున్నారు?"

చెబితే ఆ నర్సులు బయటపడతారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. చూపించకుండా పంపింది నేనేనని చెబితే సరిపోయేది. అక్కడ ఉండనిచ్చే నా ఇకామా కార్డు రెన్యువల్ ఆ నెలే. తల దించుకున్నాను.

"చూశాను. తప్పు నాదే," అన్నారాయన.

ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసి, దేశం వదిలి వెళ్లమని పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. పెట్టె సర్దుకుంటుంటే వెళ్లాను.

"సార్, నేను చెప్పాల్సుండె."

"ఇప్పుడెవరికి చెప్తావ్? ఈ సూట్‌కేసుకా?" తాడు బిగిస్తూ అన్నారు. "కోపం లేదనను. ఉంది. అటుపక్క పట్టుకో."

పట్టుకున్నాను.

ఆయన వెళ్లాక ఆయన ఉద్యోగం, కుర్చీ నాకే ఇచ్చారు. అది కిర్రుమంటూనే ఉండేది. నూనె వేయడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత ఒక్క కొలతా రెండో మనిషి చూడకుండా పంపలేదు. నాకు మంచి పేరు తెచ్చిపెట్టింది ఆ నియమమే. ఎవరు నేర్పారని అడిగితే ఆయన పేరు చెప్పేవాణ్ణి. మరి ఆయన ఎందుకు వెళ్లిపోయారని అడిగితే, కాంట్రాక్టు అయిపోయిందనేవాణ్ణి.