నరాలు చూపించే లైటు

ఆ లైటు మా ఆసుపత్రికి వచ్చిన రోజు అందరూ దాని కింద చేతులు పెట్టి చూసుకున్నారు, నేను తప్ప. ఆయమ్మలు పెట్టారు, మందుల కౌంటరాయన పెట్టాడు, చివరికి డాక్టరుగారూ పెట్టారు. చేతిలో ఇమిడేంత పరికరం. బొత్తాం నొక్కితే చర్మం మీద ఆకుపచ్చ వెలుగు పడుతుంది, అందులో లోపలి నరాలు నల్లగా చింతకొమ్మల్లా తేలతాయి. "మీరూ పెట్టండి సిస్టర్" అన్నారు డాక్టరుగారు. పనుందని చెప్పి వార్డులోకి పోయాను. పనేమీ లేదు.

నాది జమ్మలమడుగు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి ఈ పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. చదువులో గొప్పదాన్ని కాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, పసిపిల్లలకు సెలైన్ సూది ఎక్కించడం. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన పిల్లకు నరం కంటికి కనబడదు. నేను కళ్లు మూసుకుని చూపుడువేలితో వెదుకుతాను. వత్తితే మెత్తగా దిగి మళ్లీ లేచే చోటు ఒకటి వేలికి తగులుతుంది. అక్కడ గుచ్చితే మొదటి పోటుకే నరం దొరికేది.

జనం దీన్ని హస్తవాసి అన్నారు. పులివెందుల నుంచి, వేముల నుంచి బిడ్డలనెత్తుకుని వచ్చినవాళ్లు టోకెను తీసుకోకముందే "ఆ జమ్మలమడుగు సిస్టరమ్మ ఉండాదా?" అని అడిగేవాళ్లు. లేనంటే నేను వచ్చేదాకా కదిలేవాళ్లు కాదు. డాక్టరుగారికి చదువుంది, నాకు చెయ్యి ఉంది అని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఆసుపత్రిలో ఈ మధ్య చాలా మారాయి. కేసు షీట్లు పోయి ట్యాబులు వచ్చాయి. రక్తపరీక్ష రిపోర్టు మనిషి మెట్లు దిగేలోపే ఫోనులో పడుతోంది. టోకెను నంబరును గోడమీది టీవీ పిలుస్తోంది. వీటిలో దేనిమీదా నాకు కోపం రాలేదు, అవన్నీ ఇంకొకరి పనులు. లైటు మాత్రం నేరుగా నా పని మీదికే వచ్చింది.

దాన్ని కొత్తగా చేరిన నర్సు చేతికిచ్చారు. చక్రాయపేట వైపు పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు. నన్ను అక్కా అంటుంది, టిఫిన్ డబ్బా తెరిస్తే మొదట నాకే పెడుతుంది. వంక పెట్టడానికి ఏమీ దొరకనందుకు నాకు ఇంకా ఒళ్లు మండేది. నేను ఏళ్ల తరబడి తిట్లు తిని నేర్చుకున్న పనిని ఆమె చేరిన ఆర్నెల్లకే బొత్తాం నొక్కి చేసేస్తోంది. ఒకరోజు మనవణ్ణి తెచ్చిన పెద్దాయన నా మొహం మీదే అన్నాడు, "నువ్వొద్దులేమ్మా, ఆ లైటు పాపను పిలువు. ఆ పాపైతే సూసి పొడుస్తాది." అంటే ఇన్నేళ్లూ నేను చూడకుండానే పొడిచానా? ఆ పూట అన్నం సహించలేదు.

దానికి తోడు ట్యాబులో ఒక కొత్త గడి వచ్చింది. సూది ఎన్నో పోటుకు ఎక్కిందో అందులో రాయాలి. నెలాఖరున డాక్టరుగారు చదివి వినిపించారు. ఆమెవన్నీ ఒకట్లే. నావి ఒకట్లు, మధ్యమధ్యలో రెండ్లు. వేలికొస మునుపటిలా పనిచేయడం లేదని నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. "ఇకనుంచి ఎవరైనా సరే, ముందు లైటు వేయాల్సిందే" అన్నారు నావైపు చూడకుండా. నన్ను చూసి చెప్పినా అంత బాధ ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల లైటును చార్జింగుకు పెట్టి ఇంటికి పోయింది. గదిలో నేనొక్కదాన్నే. కళ్లు మూసుకుని నా ఎడమచేతి మీద నేనే నరం వెదుక్కుని, దొరికిందనుకున్న చోట పెన్నుతో చుక్క పెట్టాను. తర్వాత లైటు తీసి వేశాను. చుక్క ఒకచోట ఉంది, నరం దాని పక్కనుంచి పోతోంది. చుక్కను ఉమ్మితో తుడిచేశాను. లైటును మళ్లీ వైరుకు తగిలించి, గోడమీద స్విచ్ ఆపేసి బస్టాండుకు పోయాను. చార్జింగు అప్పటికే ఎర్రగీత మీద ఉంది. అది నేను చూశాను.

మరుసటి పొద్దున పులివెందుల నుంచి ఒక తల్లి పది నెలల కూతుర్ని తెచ్చింది. రెండు రోజుల నుంచి విరేచనాలు. పాప కళ్లు లోతుకు పోయాయి, ఏడిస్తే నీళ్లు రావడం లేదు. తండ్రి కువైట్‌లో పని చేస్తాడు, వీడియో కాల్‌లో చూస్తున్నాడు. "నా పెద్దోడికి నువ్వే ఏసింటివి సిస్టరమ్మా, ఈ పిల్లకు గూడా నువ్వే ఎయ్యల్ల" అంది తల్లి. "అక్కా, రవ్వంత సూసి ఎయ్యి" అన్నాడు ఫోనులోంచి అతను.

కొత్త నర్సు బొత్తాం నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. "నేను చార్జింగుకు పెట్టే పోయినానక్కా" అంది చిన్నగా. "ఏం కాదులే, పక్కకు జరుగు" అన్నాను. సంతోషంగానే అన్నాను. ఆ మాట దాచుకోను.

మొదటి పోటు ఖాళీ. రెండో పోటుకు రక్తం కనబడింది కానీ నరం చిట్లి, చూస్తుండగానే చెయ్యి ఉబ్బింది. పాప ఏడుపు సన్నగిల్లిపోయింది. ఏడవడానికి ఓపిక లేక. ఫోనులో తండ్రి మొహం లేదు, పక్కకు తిప్పేసుకున్నాడు. నా వీపంతా చెమట. నా కుళ్లుకు ఈ బిడ్డ ప్రాణం పోతుందా అనిపించింది. మూడోసారి పాదం దగ్గర గుచ్చాను. ఎక్కింది.

తల్లి నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. "నీ చెయ్యి సల్లగుండ సిస్టరమ్మా! మిషను పన్జేయకపోయినా నీ చెయ్యి పన్జేసింది" అంది. ఇరవై రెండేళ్లు ఏ మాట కోసం బతికానో ఆ మాటే. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరుగారు కొత్త నర్సును అందరి ముందూ తిట్టారు. "పెట్టినాను సార్" అని మొదలుపెట్టి, నావైపు ఒకసారి చూసి, "ఇంకోసారి ఇట్ల కాదు సార్" అని ఆపేసింది. నేను దూది సర్దుతూ నిలబడ్డాను. ట్యాబులో మూడు అని రాసి, కారణం దగ్గర లైటుకు చార్జింగు లేదని రాశాను. రాసిందాంట్లో అబద్ధం లేదు.

మరునాడు వచ్చేసరికి గోడమీది స్విచ్‌ను వేసి, దానిమీద తెల్లటి ప్లాస్టరు అంటించి ఉంది. "ఇదేంది?" అన్నాను. "ఎవురి చెయ్యన్నా తగుల్తాదేమోనని, అక్కా" అంది. ఆ తర్వాత కూడా టిఫిన్ డబ్బా తెరిస్తే మొదట నాకే పెట్టింది.

నాలుగైదు నెలలకు అదే పాపను జ్వరంతో తెచ్చారు. అప్పటికి నడుస్తోంది. "ఆ సిస్టరమ్మ చేత్తోనే" అని తల్లి కౌంటరులో పట్టుబట్టిందట. నేను గదిలోకి రాగానే పాప నన్ను చూసి కేకపెట్టి తల్లి మెడ కరుచుకుంది. కొత్త నర్సు గోడమీద ఆకుపచ్చ వెలుగు వేసి చూపించింది. పాప దాన్ని పట్టుకుందామని చెయ్యి చాపి ఆమె దగ్గరికి పోయింది. "తెలీక సేస్తాంది సిస్టరమ్మా, ఏమనుకోవద్దు" అంది తల్లి సిగ్గుపడుతూ. ఆ గదిలో అందరికన్నా తెలిసి చేసింది ఆ పాపే.

లైటు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను పట్టుకున్నాను. ఆ పిల్ల గుచ్చింది, వెంటనే ఎక్కింది. "ఒకటి అని రాయక్కా" అంది నా మొహంకేసి చూడకుండా. స్విచ్ సంగతి ఇది రాసేదాకా నేను ఎవరికీ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఒకటి అని రాశాను. రాస్తున్నప్పుడు కూడా కుళ్లుగానే ఉంది.